టిక్కీకి రూపాయి, ఆదివారం ఒక గంట: మిర్చి యార్డు పెద్దలకు బహిరంగ లేఖ

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు, ఎగుమతిదారులకు, కోల్డ్ స్టోరేజీల యజమానులకు నమస్కారం.

యార్డుకు వేసవి సెలవులు ఇచ్చారు. కాటాలు ఆగాయి. లారీల రద్దీ లేదు. చుట్టుగుంట దాటుతుంటే ముక్కుకు తగిలే ఘాటు కూడా ఈ నెల్లో కాస్త తగ్గుతుంది. సీజనంతా సరిగ్గా నిద్ర లేని మీకు తీరిక దొరికేది ఇప్పుడే. మీ దగ్గర బస్తాలు మోసే హమాలీల ఇళ్ళలో, మిరపకాయల ముచికలు (తొడిమలు) తీసే ఆడవాళ్ళ ఇళ్ళలో, మీ కొట్టుకు సరుకు తెచ్చే కౌలు రైతుల ఇళ్ళలో మాత్రం ఇది టెన్షన్ నెల. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చేశాయి. పిల్లను పై చదువుకు పంపాలా, పనిలో పెట్టాలా, సంబంధం చూడాలా అన్నది కాలేజీలు తెరిచేలోపే తేలిపోతుంది. అందుకే సీజన్ దాకా ఆగకుండా, ఆ పిల్లల చదువుకు మీ సాయం అడుగుతూ ఇప్పుడే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మీకు పరాయివాణ్ణి కాదు. మా నాన్న పట్నం బజారులో ఒక మిర్చి కొట్టులో ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేశారు. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. గుమస్తా కొడుకు లెక్చరర్ కావడానికి కారణం ఆ కొట్టు షావుకారు గారు. ఆయన కథ ముందు చెబుతాను, నేను మిమ్మల్ని అడగబోయేదంతా అందులోనే ఉంది.

1975లో నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్నకు జబ్బు చేసి మూడు నెలలు మంచం పట్టారు. ఫీజు కట్టే వేళకు ఇంట్లో పైసా లేదు. షావుకారు గారు కబురు పెట్టి పిలిపించారు. డబ్బు నా చేతికి ఇవ్వలేదు. ఇంకో గుమస్తాను కాలేజీకి పంపి ఫీజు కట్టించి, రసీదు తెప్పించి నాకిచ్చారు. ఇచ్చాక ఒక్క మాటన్నారు: "ఆదివారం పొద్దున పదింటికి రా. ఈ వారం ఏం చెప్పారో నాకు చెప్పిపో."

ఆయన చదివింది ఐదో తరగతి. అయినా ప్రతి ఆదివారం గద్దె పక్కన నాకొక పీట వేయించి కూర్చోబెట్టేవారు. నేను చెబుతుంటే వినేవారు, అర్థం కాకపోతే ఆపేవారు. ఒకసారి వీట్‌స్టన్ బ్రిడ్జి గురించి చెప్పాను. నాలుగు నిరోధాలు, మధ్యలో గాల్వనామీటరు, రెండు వైపులా సరితూగితే ముల్లు సున్నా దగ్గర నిలబడుతుందని అప్పజెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "అంటే మన కాటానే కదరా" అన్నారు. పాఠం బట్టీ పట్టిన నాకు అది అప్పుడు అర్థమైంది. తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా నా క్లాసుల్లో ఆ పాఠం కాటాతోనే మొదలుపెట్టాను.

క్వార్టర్లీలో ఫిజిక్స్ తప్పాను. భయపడి రెండు ఆదివారాలు వెళ్ళలేదు. మూడో ఆదివారం ఆయనే మా ఇంటికి వచ్చారు. తిట్టలేదు. "ఏది రాలేదు? అది బాగా వచ్చినవాళ్ళు ఎవరున్నారు ఊళ్ళో?" అని అడిగారు. సైకిలు మీద ఎక్కించుకుని బ్రాడీపేట నాలుగో లైనులో ఒక లెక్చరర్ గారింటికి తీసుకెళ్ళి, అరుగు మీద కూర్చోబెట్టి, "వీడికి కాస్త చెప్పండయ్యా" అని చేతులు జోడించారు. లక్షల వ్యాపారం చేసే మనిషి, నా కోసం ఇంకొకరికి చేతులు జోడించారు. ఆయన కట్టిన ఫీజు ఎంతో ఇప్పుడు గుర్తు లేదు. ఆ జోడించిన చేతులు మాత్రం నిన్న చూసినట్టు ఉంటాయి.

మీలో చాలామంది దానం చేస్తున్నారని నాకు తెలుసు. గుళ్ళకు ఇస్తున్నారు, అన్నదానాలు చేస్తున్నారు, మార్కులు బాగా వచ్చిన పిల్లలకు ఏటా ప్రతిభా పురస్కారాలు ఇస్తున్నారు. మంచిదే. కానీ ఆ సభల గురించి చాలా రోజులుగా మనసులో ఉన్నది ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక సభలో నేనూ వేదిక మీద ఉన్నాను. ఏ సంస్థ సభ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఒక అమ్మాయిని పిలిచారు. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. చెక్కు ఇచ్చేముందు మైకులో ఆమె ఇంటి సంగతి మొదలుపెట్టారు: తండ్రి తాగి చనిపోయాడు, తల్లి మిరపకాయల ముచికలు తీస్తుంది, ఒక్క గదిలో ఐదుగురు ఉంటారు. కింద కుర్చీల్లో ఆ పిల్లతో చదువుకున్న పిల్లలే కూర్చుని ఉన్నారు. ఫొటో తీసేటప్పుడు "ఇటు చూడమ్మా" అని మూడుసార్లు అన్నారు. ఆమె తలెత్తలేదు. శాలువా మూలను వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఆ చెక్కు ఆగస్టు నెలాఖరున ఇచ్చారు. ఆమె పాలిటెక్నిక్‌లో చేరడానికి డబ్బు కావలసింది జూన్, జూలైలలో. వాళ్ళమ్మ అప్పటికే వడ్డీకి తెచ్చి చేర్చింది. చెక్కు వడ్డీకే పోయింది.

ఇచ్చినవాళ్ళ మనసులో తప్పేమీ లేదు. వేళ తప్పింది, తీరు తప్పింది, అంతే. దాన్ని సరిచేసుకోవడం మీ చేతుల్లో పని.

ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదని నేననడం లేదు. తల్లికి వందనం ఉంది, ఇంటర్ దాకా పిల్లల తల్లి ఖాతాలో డబ్బు పడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెల నుంచి గుంటూరు వచ్చి చదివే ఆడపిల్లలకు బస్సు ఖర్చు చాలావరకు తప్పింది. డిగ్రీకి, ఇంజనీరింగుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అయితే అది విడతలుగా వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. వచ్చేలోపు కాలేజీ వాళ్ళు "ముందు మీరు కట్టండి, పడ్డాక చూద్దాం" అంటారు. కట్టలేకపోతే హాల్ టికెట్ దగ్గరో, సర్టిఫికెట్ల దగ్గరో ఆపుతారు. పిల్లల చదువు తెగిపోయేది ఎక్కువగా ఇక్కడే. అవసరమైన మొత్తం పెద్దదేమీ కాదు. పరీక్ష ఫీజు, హాస్టల్ మెస్ బిల్లు, డ్రాయింగ్ సామాను, ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. అడిగిన వారంలో అందితే పిల్ల నిలబడుతుంది. రెండు నెలలకు అందితే ఆ పాటికి ఇంట్లో కూర్చుని ఉంటుంది.

డబ్బు వస్తుందని తెలిసినా అందుకోలేని ఇళ్ళు కూడా ఉన్నాయి. ఎన్ఎంఎంఎస్ అని ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పరీక్ష ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పేద పిల్లల కోసం కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు, మొత్తం నాలుగేళ్ళకు 48,000. కూలి చేసుకునే ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. మా వీధిలోని ఒక పిల్ల దానికి ఎంపికైంది. మొదటి ఏడు పడింది, రెండో ఏడు పడలేదు. ఎందుకంటే ఏటా ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిశాక చూస్తే బడి రికార్డులో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. ఒక్క అక్షరం తేడా. వాళ్ళమ్మ వార్డు సచివాలయానికి రెండు రోజులు, బ్యాంకుకు ఒక రోజు, బడికి ఒక రోజు తిరిగింది. ముచికలు తీసే పనిలో కిలోల లెక్కన కూలి. పోని రోజు డబ్బు రాదు. నాలుగు రోజుల కూలి పోయింది, పని కాలేదు. ఐదో రోజు మానుకుంది.

నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆమె చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంది. వేళ్ళ చివర్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆ చేత్తో కన్నీళ్ళు తుడుచుకోవడానికి లేదు, కళ్ళు మండిపోతాయి. మోచేతి మీదుగా చీరకొంగు తీసి తుడుచుకుంది. మా కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి రెండు పూటలు కూర్చుని ఆ కాగితాలన్నీ సరిచేశారు. ఆయనకు అయిన ఖర్చు ఆటో చార్జీలు, జిరాక్సు కాపీలు. ఆ పిల్లకు మిగిలిన రెండేళ్ళ స్కాలర్‌షిప్ నిలబడింది.

ఇంకో పిల్లవాడి సంగతి చెబితే గానీ నా మనసు కుదుటపడదు. నా దగ్గర చదివినవాడే. మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పాడు. తర్వాత క్లాసుకు రావడం మానేశాడు. ఏడాదికి ఎంతమందో అలా మాయమవుతారు, అటెండెన్స్‌లో "ఏ" అని వేసుకుంటూ పోయేవాణ్ణి. మూడేళ్ళ తర్వాత యార్డు గేటు దగ్గర కనిపించాడు. చేతిలో కొక్కెం, భుజాన గోనెపట్టా. నన్ను చూసి కొక్కెం వెనక్కి దాచుకున్నాడు. "ఒక్క సబ్జెక్టే పోయింది సార్" అన్నాడు. సప్లిమెంటరీ రాయమని చెప్పడానికి, ఆ ఒక్క సబ్జెక్టు దగ్గర కూర్చోవడానికి వాడికి ఒక్క మనిషి లేడు. నేనూ లేను. నా షావుకారు గారు నా కోసం మా ఇంటికి వచ్చినట్టు నేను వాడి ఇంటికి వెళ్ళలేదు. హమాలీ పని తక్కువదని కాదు, ఆ భుజాల మీదే ఈ యార్డు నడుస్తోంది. వాడు కోరుకున్నది అది కాదు, నా బాధ అదే.

అందుకే మిమ్మల్ని రెండు అడుగుతున్నాను. ఒకటి డబ్బు, రెండోది మనిషి. రెండూ కలిసి రావాలి.

డబ్బు సంగతి. సీజన్ ఊపందుకుంటే మన యార్డుకు రోజుకు లక్ష టిక్కీలకు (మిర్చి బస్తాలకు) పైగా వస్తాయి. అమ్మిన ప్రతి టిక్కీకి ఒక్క రూపాయి పక్కన పెట్టండి. ఒక కొట్టులో సీజన్ మొత్తం మీద ఇరవై వేల టిక్కీలు అమ్మారనుకుందాం. ఇరవై వేల రూపాయలు. ఒక పిల్లకు నెలకు రెండు వేల చొప్పున పది నెలలు ఇవ్వడానికి అది సరిపోతుంది. యాభై కొట్లు కలిస్తే యాభై మంది పిల్లలు, పది లక్షలు. చేయలేని లెక్కేమీ కాదు.

ఒక్క షరతు మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ రూపాయి మీ కమీషన్ లోంచి పోవాలి. రైతు పట్టీలో, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలో, ఇంకో కోత పడకూడదు. పాత రోజుల్లో వ్యాపారుల చిట్టాల్లో ధర్మం పద్దు ఉండేదని మా నాన్న చెప్పేవారు. ఆ పద్దును మళ్ళీ తెరవండి, కానీ అది మీ సొంత పద్దుగా ఉండనివ్వండి. రైతు సొమ్ముతో రైతు పిల్లకు సాయం చేసి మన పేరు వేసుకోవడం న్యాయం కాదు.

ధరను బట్టి కాకుండా టిక్కీని బట్టి ఎందుకంటున్నానంటే, 2025లో ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. ధర పడిపోయి రైతులు యార్డులో గగ్గోలు పెడితే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర పడిన ఏడాదే రైతు ఇంట్లో పిల్ల చదువు ఆగుతుంది. సరిగ్గా ఆ ఏడాదే మన నిధి కూడా పడిపోతే ఇక ఎందుకు? మొదటి రెండేళ్ళు వచ్చిన దాంట్లో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి ఉంచండి. ఒకసారి చేయి పట్టుకున్న పిల్లను చదువు మధ్యలో వదిలేసే పరిస్థితి రాకూడదు.

ట్రస్టు రిజిస్టర్ చేయించండి, ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు చేయించి, విరాళాలకు పన్ను మినహాయింపు అనుమతి తెచ్చుకోండి. మీ ఆడిటర్లకు ఇది పెద్ద పని కాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఆ మినహాయింపు వస్తుంది, రెండు వేలు దాటిన నగదు విరాళానికి రాదు కాబట్టి అంతా బ్యాంకు ద్వారానే తీసుకోండి. లెక్క ఏటా యార్డులో బోర్డు మీద పెట్టండి. ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు, ఎంత ఉంది. పిల్లల పేర్లు మాత్రం బోర్డు మీద వద్దు.

ఎంపిక చేసే కమిటీలో వ్యాపారులతో పాటు హమాలీల ముఠా మేస్త్రి ఒకరు, ముచికలు తీసే ఒక మహిళ, ఒక హెడ్‌మాస్టరు ఉండాలి. ఎవరింట్లో నిజంగా ఇబ్బంది ఉందో మేస్త్రికి తెలిసినట్టు మనకు తెలియదు. మార్కులు తొంభై దాటితేనే అన్న నియమం పెట్టకండి. తొంభై దాటిన పిల్లకు నూజివీడు ట్రిపుల్ ఐటీ దారి ఉంది, కార్పొరేట్ కాలేజీలు కూడా ఫీజు తగ్గించి పిలుస్తాయి. అరవై మార్కుల పిల్లను ఎవరూ పిలవరు. రాత్రిళ్ళు తమ్ముణ్ణి చూసుకుంటూ, ఒక్క గదిలో చదివి తెచ్చుకున్న అరవై చిన్నదేమీ కాదు.

కులం పేరుతో వద్దు. కుల సంఘాల హాస్టళ్ళు మన గుంటూరులో, పక్కన విజయవాడలో ఎందరినో చదివించాయి, ఆ మేలు మరిచిపోకూడదు. కానీ ఏ సంఘమూ లేని పిల్లల మాటేమిటి? వెనకటి రోజుల్లో పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదివేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. గొప్ప ఏర్పాటే, అయితే ఆ గడపలు అన్ని కులాల పిల్లలకూ తెరుచుకోలేదు. మన యార్డులో బస్తా దింపేటప్పుడు ఎవరు ఏ కులమో ఎవరూ అడగరు. ఈ నిధి కూడా అలాగే ఉండాలి.

ఇక మనిషి సంగతి. దీన్నే ఇప్పుడు మెంటారింగ్ అంటున్నారు. మాకు చదువు లేదు, మేమేం చెబుతాం అని మీలో కొందరు అనుకోవచ్చు. నా షావుకారు గారిది ఐదో తరగతే. పాఠం చెప్పక్కర్లేదు. ఆదివారం ఒక గంట పిల్లతో కూర్చోండి. ఈ వారం కాలేజీకి వెళ్ళావా, ఏది రాలేదు, ఏ కాగితం ఆగింది, ఎవరి దగ్గరకు వెళ్దాం. ఇవే ప్రశ్నలు. బ్యాంకు మేనేజరు మీ ఫోను ఎత్తుతాడు, ఆ తల్లి ఫోను ఎత్తడు. కాలేజీ ఆఫీసులో మీరు వెళ్ళి నిలబడితే కుర్చీ వేస్తారు. ఆ పలుకుబడిని వారానికి ఒక గంట ఆ పిల్లకు అరువివ్వండి.

మీ ఇళ్ళలో ఇంజనీరింగు చదివి, పెళ్ళయ్యాక ఇంట్లో ఉండిపోయిన కోడళ్ళున్నారు. వాళ్ళకు కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలో తెలుసు. పోయినసారి మా కాలేజీ పిల్ల ఒకతి మూడే కాలేజీలు పెట్టి, సీటు రాక ఏడుస్తూ వచ్చింది. పక్కన తెలిసినవాళ్ళు అరగంట కూర్చుని ఉంటే ఇంకో ముప్పై పెట్టించేవారు. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మీ పిల్లలు ఫోనులోనే ఒకరిద్దరిని చూసుకోగలరు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్ళిన డాక్టర్లు జింకానా పేరుతో ఒక్కటై మన పెద్దాసుపత్రికి భవనాలు కట్టించారు కదా. దూరం వెళ్ళినా ఊరి మీద మనసు పోదు, దాన్ని ఎటు పెట్టాలో మనం చెప్పాలి. ఒక్క జాగ్రత్త: ఆడపిల్లలకు ఆడవాళ్ళే మెంటార్లుగా ఉండాలి, కలిసేది నలుగురూ తిరిగే చోట, తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి.

ఇది మన గడ్డకు కొత్త కాదు. ఆడపిల్లల చదువు కోసం ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో శారదా నికేతనం పెట్టింది ఈ ఊళ్ళోనే. విజయవాడలో 1975లో మొదలైన సిద్ధార్థ అకాడమీ వెనక ఉన్నది ఊరి పెద్దల విరాళాలే. టంగుటూరి ప్రకాశం గారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి ఆయన్ను సాకితే, వెంట రాజమండ్రి తీసుకెళ్ళి చదివించింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మేష్టారు. నాయుడు గారు ఫీజు కట్టి ఊరుకోలేదు, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని తిరిగారు.

సెలవులు ముగిసి కాటాలు మొదలయ్యేలోపు మీరంతా ఒకసారి కూర్చుని దీని మీద మాట్లాడండి. మొదటి ఏడు పది కొట్లు ముందుకొచ్చినా చాలు, పది మంది పిల్లలతో మొదలుపెడదాం. నా వంతుగా ఇద్దరు పిల్లల ఏడాది ఖర్చు నా పెన్షన్ లోంచి ఇస్తాను. కాగితాల పని చూడటానికి ఆ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒప్పుకున్నారు. ఫిజిక్స్, లెక్కలు తప్పిన పిల్లల్ని నా దగ్గరకు పంపండి, సప్లిమెంటరీ దాకా నేను చూసుకుంటాను. గేటు దగ్గర కనిపించిన ఆ కుర్రాడికి కూడా కబురు పెట్టాను, పాతికేళ్ళు వచ్చినా పరీక్ష రాయొచ్చని చెప్పాను. వస్తానన్నాడు.

యార్డులో ఒక గది చూపించి, నాలుగు కుర్చీలు, ఒక బ్లాక్‌బోర్డు వేయించండి. ప్రతి ఆదివారం పొద్దున పదింటికి నేను అక్కడ ఉంటాను.

ఇట్లు,
పట్నం బజారు గుమస్తా గారి అబ్బాయి,
రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
గుంటూరు